అంచు చూసి ఎంపిక: గుండె రంధ్రాలను మూసే పరికరాల గురించి

(నల్లకుంటలో పిల్లల వైద్యుడిగా జీవితమంతా గడిపిన డాక్టరుగారి స్మారకోపన్యాసానికి అచ్చుప్రతి)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన్ని ఈ చుట్టుపక్కల పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. నల్లకుంటలో ‘డాక్టరుగారు’ అంటే ఆయనే. చిక్కడపల్లి నుంచీ, నారాయణగూడ నుంచీ, అశోక్‌నగర్ సందుల్లోంచీ బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లులు ఆయన బల్ల మీద పడుకోబెట్టేవారు. ‘కోరంటి దవాఖానకు తీసుకుపొమ్మంటారా, ఇక్కడే చూస్తారా’ అని అడిగేవారు. ఫీవరాసుపత్రికి ఈ బస్తీల్లో ఇప్పటికీ అదే పేరు. నేనూ ఈ ప్రసంగమంతా ఆయన్ని డాక్టరుగారనే అంటాను.

ఆయన గదిలో ఉన్న సామగ్రి స్టెతస్కోపు, త్రాసు, థర్మామీటరు, టార్చిలైటు. చంటిపిల్లల తల్లిని ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న: ‘పాలు ఏకబిగిన తాగుతాడా, ఆగి ఆగి తాగుతాడా?’ ఆగి ఆగి తాగుతూ, నుదుట చెమటలు పట్టి, డొక్కలెగరేస్తూ, నెలకోసారి నెమ్ము చేసే పసివాడి జబ్బు ఊపిరితిత్తుల్లో పుట్టింది కాకపోవచ్చునని ఆయనకు తెలుసు. స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు వినేవారు. చీటీ మీద రెండు ముక్కలు రాసి, పిల్లల గుండె జబ్బులు చూసే మా దగ్గరికి పంపేవారు. తర్వాత ఫోన్ వచ్చేది. ‘మూశారా’ అని అడిగి ఊరుకునేవారు కారు. ‘ఏ డివైస్ పెట్టారు? అదే ఎందుకు పెట్టారు?’ అనేవారు. ఆ రెండో ప్రశ్నకు సరైన జవాబు చెప్పేదాకా ఫోన్ పెట్టనిచ్చేవారు కారు. ఈ ఉపన్యాసం ఆ రెండో ప్రశ్న మీద.

పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఎనిమిదిమందికి గుండెలో ఏదో ఒక లోపం పుట్టుకతోనే ఉంటుంది. అందులో చాలావంతు రంధ్రాలే. పై రెండు గదుల మధ్య గోడలో ఉంటే ఏఎస్‌డీ, కింది రెండు గదుల మధ్య గోడలో ఉంటే వీఎస్‌డీ అంటాం. పీడీఏ గోడలో చిల్లు కాదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు బృహద్ధమనికీ ఊపిరితిత్తుల ధమనికీ మధ్య ఒక చిన్న నాళం ఉంటుంది. పుట్టిన కొద్దిరోజుల్లో మూసుకుపోవలసిన ఆ నాళం తెరుచుకునే ఉండిపోతే అది పీడీఏ. మూడింటిలోనూ జరిగేది ఒకటే. ఊపిరితిత్తుల్లో శుభ్రపడి ఎడమవైపు చేరిన రక్తం ఒంటికి పోకుండా మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. గుండెకు పని రెట్టింపవుతుంది, బిడ్డ ఒళ్లు చేయదు.

ఇప్పుడు వీటిలో చాలావాటిని ఛాతీ తెరవకుండానే మూయగలుగుతున్నాం. గజ్జల్లో సూది గుచ్చి, సిరలోంచో ధమనిలోంచో సన్నని గొట్టాన్ని గుండెదాకా పంపి, మడిచిన పరికరాన్ని అందులోంచి తోసి, రంధ్రం దగ్గర విచ్చుకునేలా చేస్తాం. ఒకటి రెండు రోజుల్లో పిల్లవాడు ఇంటికి పోతాడు. ఛాతీ మీద గీత ఉండదు. ఈ సంగతి తల్లిదండ్రులందరికీ తెలిసిపోయింది. అందుకే వాళ్లు ‘ఆపరేషనా, డివైసా’ అని అడగడం మానేసి, ‘ఏ కంపెనీ డివైస్ మంచిదండీ’ అని అడుగుతున్నారు. అప్పు చేసి డబ్బు తెచ్చే తండ్రి అలా అడగడం న్యాయమే. అయితే అది చివర రావలసిన ప్రశ్న. దానికంటే ముందు తేలవలసినవి వేరే ఉన్నాయి. ఈ రంధ్రాన్ని మూయవలసిందేనా? మూయాలంటే పరికరం పట్టుకోవడానికి చుట్టూ అంచు ఉందా? ఆ అంచుకు ఆనుకుని ఇంకేముంది? నా అనుభవంలో పరికరాన్ని ఎంచేది ఈ మూడో ప్రశ్నే.

ముందు ఏఎస్‌డీ సంగతి చెబుతాను. ఇది చడీచప్పుడూ లేని లోపం. ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా మనిషికి తెలియకపోవచ్చు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదువుకుని, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో పొద్దుపోయేదాకా కూర్చుని, కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కిన కుర్రాడు పరుగు దగ్గర ఎగశ్వాస వచ్చి ఆగిపోతే, ఎకో తీయగా ఇది బయటపడటం నేను చూశాను. తొలి కాన్పు సమయంలో బయటపడిన ఆడపిల్లల్ని అంతకంటే ఎక్కువగా చూశాను.

ఈ రంధ్రాన్ని మొదట కళ్లతో చూస్తూ కుట్టింది 1952 సెప్టెంబర్ 2న, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో. జాన్ లూయిస్ అనే సర్జన్ అయిదేళ్ల పాప ఒంటిని బాగా చల్లబరిచి, కొద్ది నిమిషాలపాటు గుండెలోకి రక్తం రాకుండా ఆపి కుట్టేశారు. మరుసటి ఏడు మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను తయారుచేసిన హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో అదే పని చేశారు. కత్తి లేకుండా గొట్టం ద్వారా మూయడం 1975లో న్యూ ఆర్లియన్స్‌లో జరిగింది. కింగ్, మిల్స్ అనే ఇద్దరు వైద్యులు గోడకు అటొకటి ఇటొకటి రెండు గొడుగులు విప్పి బిగించారు. సూత్రం సరైనదే. కానీ ఆ గొడుగుల్ని పంపిన గొట్టం 23 ఫ్రెంచ్ సైజుది, అంటే ఏడున్నర మిల్లీమీటర్లు దాటిన లావు. పసిపిల్లల సిరలో అది పట్టే మాటే లేదు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ వచ్చిన పరికరాలన్నీ లావుతోనూ, లోహంతోనూ చేసిన పోరాటాలే. క్లామ్‌షెల్ అనేది వచ్చింది. కొందరి గుండెల్లో దాని లోహపు చేతులు విరిగాయి. గ్రీకు వైద్యుడు సిదెరిస్ గుండీ పద్ధతి కనిపెట్టారు. ఎడమ గదిలో ఒక పలక, కుడి గదిలో మరొకటి పెట్టి రెంటినీ గుండీతో బిగించడం. ఈ గుండీ పరికరంతో వేర్వేరు దేశాల్లో వచ్చిన ఫలితాలను 1994లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో మొదటి రచయితగా ప్రకటించినవారు మన తెలుగు వైద్యుడు పి. శ్యామసుందరరావు. విస్కాన్సిన్, సెయింట్ లూయిస్, హ్యూస్టన్‌లలో పనిచేసిన ఆయన పేరు పిల్లల గుండె వైద్యంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, మన ఊళ్లల్లో మాత్రం తెలియదు. కొందరిలో గుండీ ఊడిపోయిన సంగతిని వాళ్లు దాచకుండా ప్రచురించారు, పరికరాన్ని తరం తర్వాత తరం మార్చుకుంటూ పోయారు. మోర్టన్ కెర్న్‌తో కలిసి శ్యామసుందరరావు 2003లో ఇలాంటి పరికరాలన్నింటి మీద ఒక పెద్ద గ్రంథానికి సంపాదకత్వం వహించారు. ఏది ఎందుకు వచ్చిందో, ఏది ఎందుకు పోయిందో తెలియనివాడు ఇవాళ్టి పరికరాన్ని కూడా సరిగ్గా ఎంచలేడని నేను నమ్ముతాను. అందుకే మా దగ్గర చేరే పిల్ల డాక్టర్లకు ఈ పాత చరిత్ర ముందు చెబుతాను.

ఈ పోరాటాన్ని మలుపు తిప్పినవారు కర్ట్ ఆంప్లాట్జ్. ఆస్ట్రియాలో పుట్టి మిన్నెసోటాలో రేడియాలజీ ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ అనే లోహం ఉంది. దాన్ని కనిపెట్టింది అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో. వేడిచేసి ఒకసారి ఆకారం ఇస్తే, తర్వాత ఎంత సాగదీసి గొట్టంలో దూర్చినా, బయటికి రాగానే మళ్లీ అదే ఆకారానికి వస్తుంది. ఆంప్లాట్జ్ ఈ తీగలతో జాలీ నేయించి డమరుకం ఆకారం ఇచ్చారు. రెండువైపులా రెండు పలకలు, మధ్యలో నడుము. నడుము రంధ్రంలో కూర్చుంటుంది, పలకలు గోడను రెండువైపులా పట్టుకుంటాయి. 1995లో స్లొవాకియాలోని బ్రాటిస్లావాలో మొదట మనుషులకు పెట్టారు. 2001 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇవాళ జర్మనీ, చైనా, థాయిలాండ్ కంపెనీల పేర్లతో మీరు వినే ఏఎస్‌డీ డివైసుల్లో చాలావరకు ఈ ఆకారానికి బిడ్డలే. కొన్ని మెత్తన, కొన్ని బిరుసు. కొన్నింటిలో ఎడమ పలకకు మొన ఉండదు. కొన్నింటి తీగకు నికెల్ రక్తంలోకి ఊరకుండా పూత ఉంటుంది.

క్యాథ్‌ల్యాబ్‌లో ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూపిస్తాను. డివైస్‌ను పెట్టెలోంచి తీసి స్టీలు గిన్నెలో సెలైన్ నీళ్లలో ముంచుతాం. జాలీ సందుల్లో ఇరుక్కున్న గాలి బుడగలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. వేలితో నొక్కి, తట్టి, ఆఖరి బుడగ పోయేదాకా చూస్తాం, ఎందుకంటే ఎడమ గదిలో వదిలిన గాలి మెదడుకు పోగలదు. తీగను డివైస్‌కు మర బిగించి, నీళ్లలో ఉండగానే వెనక్కి లాగితే అరచేతిలో పట్టిన పలక సాగి సాగి సన్నని గొట్టంలోకి మాయమవుతుంది. ఎడమ గదిలోకి తోయగానే ఎకో తెర మీద పలక విచ్చుకోవడం కనిపిస్తుంది. గోడకు ఆనేదాకా వెనక్కి లాగి, నడుమును, కుడి పలకను వదులుతాం. అప్పుడు తీగను ముందుకు తోసి, వెనక్కి లాగి చూస్తాం. దీన్ని మేం మిన్నెసోటా విగిల్ అంటాం. గోడతోపాటు డివైస్ కదలాలి, గోడను వదిలి రాకూడదు. ఎకో చేస్తున్న డాక్టరు నాలుగు వైపులా అంచు పలకల మధ్య ఉందని చెప్పాలి. చెప్పాక కూడా అందరం ఇంకొక్కసారి చూస్తాం. ఆ తర్వాతే మర విప్పుతాం. మర విప్పేదాకా డివైస్ మన చేతిలో ఉంది, నచ్చకపోతే మళ్లీ గొట్టంలోకి లాక్కోవచ్చు. ఈ సౌకర్యం ఉన్నందుకే నేను ఈ పరికరాలను నమ్ముతాను. ‘ఇది సరిపడటం లేదు, తీసేద్దాం’ అనగలిగిన డాక్టరుకే బిడ్డను అప్పగించండి.

ఇక అంచు మాట. ఏఎస్‌డీల్లో సెకండమ్ రకం మాత్రమే డివైస్‌కు లొంగుతుంది. గోడకు అడుగున కవాటాలను ఆనుకుని ఉండే ప్రైమమ్ రకానికి ఆపరేషనే దారి. సెకండమ్‌లో కూడా రంధ్రం చుట్టూ సుమారు 5 మిల్లీమీటర్ల అంచు ఉండాలి. కింది మహాసిర వైపు అంచు లేకపోతే డివైస్ నిలవదు, ఆ కేసు సర్జన్‌దే. బృహద్ధమని వైపు అంచు లేకపోవడం చాలామందిలో చూస్తాం. అక్కడ పెట్టవచ్చు, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని పెట్టాలి.

ఎందుకో చెబుతాను. ఆంప్లాట్జర్ డివైస్ 4 మిల్లీమీటర్ల నుంచి 40 దాకా దొరుకుతుంది. ఆ అంకె నడుము కొలత. ఎడమ పలక దానికంటే 12 నుంచి 16 మిల్లీమీటర్లు ఎక్కువ. 20 సైజు డివైస్‌కు ఎడమ పలక 34 మిల్లీమీటర్లు. పన్నెండు కిలోల పిల్ల గుండెలో ఆ గోడ మొత్తం పొడవే అంత ఉండకపోవచ్చు. రంధ్రం కొలత చూసి డివైస్ తెప్పించి, గోడ కొలత చూడకపోతే పలక వెళ్లి కవాటానికో, సిరకో తగులుతుంది. పెద్దది పెడితే గట్టిగా ఉంటుందనే నమ్మకం మొదటి రోజుల్లో ఉండేది. రంధ్రంలో బెలూన్ పెట్టి గోడ సాగేదాకా ఉబ్బించి కొలిచేవారు. అలా ఎక్కువ సైజు పడినచోట, బృహద్ధమని వైపు అంచు కూడా లేనప్పుడు, లోహం కొట్టుకుంటూ గుండె పైగోడనో, బృహద్ధమనినో ఒరిపిడితో తినేసిన కేసులు బయటపడ్డాయి. వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఈ ప్రమాదమని అంచనా. 2012 మేలో ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం దీనిమీద ప్రత్యేకంగా విచారణ జరిపింది. ఇప్పుడు బెలూన్ వాడినా, రంధ్రంలోంచి రక్తం ఆగిన క్షణంలోనే ఆపి అక్కడే కొలుస్తాం. డివైస్ పెట్టాక మొదటి మూడు రోజుల్లో, ఆ మాటకొస్తే ఏళ్ల తర్వాత కూడా, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోకూడదు. అదేరోజు ఎకో తీయించాలి.

వీఎస్‌డీ దగ్గరికి వస్తే మాట ఇంకా బరువవుతుంది. డాక్టరుగారు ఎక్కువగా పంపిన పిల్లలు వీళ్లే.

మళ్లీ మిన్నెసోటాకే పోవాలి. 1954 మార్చి 26న వాల్టన్ లిలీహై ఒక పసివాడి రక్తనాళాలను అతని తండ్రి రక్తనాళాలతో కలిపి, తండ్రి గుండె, ఊపిరితిత్తులు ఇద్దరికీ పనిచేస్తుండగా బిడ్డ గుండె తెరిచి వీఎస్‌డీని కుట్టారు. కొత్త శకం మొదలైంది, దాంతోపాటు కొత్త కష్టమూ వచ్చింది. కింది గదుల మధ్య గోడలో, చాలా వీఎస్‌డీలు ఉండే పొరభాగం అంచునే, గుండెకు కరెంటు మోసే సన్నని కట్ట పోతుంది. 1893లో దాన్ని వర్ణించిన విల్‌హెల్మ్ హిస్ పేరుమీద హిస్ కట్ట అంటారు. కంటికి కనిపించదు. కుట్టు దానిమీద పడితే పై గదుల ఆజ్ఞ కింది గదులకు అందదు. దాన్ని హార్ట్‌బ్లాక్ అంటాం. ఆ పిల్లల్ని బతికించడానికి గోడ సాకెట్‌కు తగిలించిన పెద్ద పేస్‌మేకర్లు వాడేవారు. 1957 అక్టోబర్ 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. ఆ తర్వాత లిలీహై కోరిక మీద ఎర్ల్ బక్కెన్ అనే ఇంజినీరు కొద్దివారాల్లోనే బ్యాటరీతో నడిచే చిన్న పేస్‌మేకర్ చేసి ఇచ్చారు. అంటే ఒంటికి తగిలించుకోగల పేస్‌మేకర్ పుట్టుక వెనక ఉన్నది వీఎస్‌డీ కుట్టిన పసిపిల్లల హార్ట్‌బ్లాక్ అన్నమాట.

అదే కట్ట యాభై ఏళ్ల తర్వాత డివైసులకూ అడ్డు నిలిచింది. 2002 నుంచి వీఎస్‌డీ పొరభాగం కోసమే ప్రత్యేకంగా చేసిన ఆంప్లాట్జర్ వాడకంలోకి వచ్చింది. బృహద్ధమని కవాటానికి తగలకుండా పైన తక్కువ, కింద ఎక్కువ పలకతో తెలివిగా చేశారు. రంధ్రం చక్కగా మూసేది. కానీ బిరుసైన నడుము హిస్ కట్టను రాత్రింబవళ్లు నొక్కుతూనే ఉండేది. కొన్ని ఆసుపత్రుల్లో నూటికి అయిదుగురి దాకా హార్ట్‌బ్లాక్ వచ్చింది, అదీ కొందరికి ఇంటికి పోయిన నెలల తర్వాత. ఆపరేషన్‌లో అది నూటికి ఒకరికి మించనప్పుడు ఛాతీ మీద గీత తప్పించడం కోసం ఈ ప్రమాదం ఎందుకు తలకెత్తుకోవాలి? కండభాగం వీఎస్‌డీల డివైస్‌కు 2007లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పొరభాగం డివైస్‌కు అది దక్కలేదు. చాలామంది వైద్యులు వీఎస్‌డీని మళ్లీ సర్జన్లకు అప్పగించేశారు.

ఈ దశలో మన హైదరాబాద్ చేసిన పని ఉంది. బంజారాహిల్స్ కేర్ ఆసుపత్రిలో పిల్లల గుండె వైద్యుడిగా ఉన్న కోనేటి నాగేశ్వరరావు, ఆయన సహచరులు పీడీఏ కోసం తయారైన ఆంప్లాట్జర్ డక్ట్ అక్లూడర్ టూ అనే పరికరాన్ని వీఎస్‌డీకి వాడి చూశారు. అది గుడ్డ లేని మెత్తటి జాలీ. నడుము 3 నుంచి 6 మిల్లీమీటర్లే. మెత్తన కాబట్టి కట్టను నొక్కదు. పాత పద్ధతిలో ఒక తీగను ధమనిలోంచి పంపి, గుండెలో తిప్పి, సిరలోంచి బయటికి లాగి ఉచ్చు వేయాలి. ఆ ఉచ్చు బిగిసినప్పుడల్లా మానిటర్ మీద గుండె లయ తప్పుతుంటుంది. హైదరాబాద్ బృందం ధమనిలోంచే ఎదురు వెళ్లి, ఉచ్చు లేకుండా డివైస్ వదిలింది. గొట్టం సన్నన, సమయం తక్కువ, బిడ్డకు ఎక్స్‌రే తక్కువ. 2012లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక జబ్బుకు చేసిన పరికరాన్ని మరో జబ్బుకు వాడటం సాహసమే. సాహసానికి తోడు కొలతలూ, ఈసీజీలూ, తర్వాతి ఏళ్ల లెక్కలూ ఉండబట్టి అది శాస్త్రమైంది.

ఆ పరికరానికి ఒక హద్దు ఉంది. 6 మిల్లీమీటర్ల నడుము పెద్ద రంధ్రాలకు చాలదు. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే కోనార్-ఎంఎఫ్. నాగేశ్వరరావుగారి ఆలోచనతో, ఆయన పేరులోని అక్షరాలతో, చైనాలోని షెన్‌జెన్ నగరపు లైఫ్‌టెక్ కంపెనీ తయారుచేసింది. 2018 మేలో దానికి యూరప్ వారి సీఈ గుర్తింపు దక్కింది. మెత్తటి నిటినాల్ జాలీ, ఎడమవైపు వెడల్పై కుడివైపుకు సన్నగిల్లే నడుము. ఎనిమిది సైజులు. ‘10-8’ అంటే నడుము ఎడమ కొస 10, కుడి కొస 8 మిల్లీమీటర్లు. పెద్ద సైజుల్లో లోపల పొర కుట్టి ఉంటుంది, చిన్నవాటిలో ఉండదు. రెండు చివరలా మర ఉంది కాబట్టి సిరలోంచి వెళ్లినా, ధమనిలోంచి వెళ్లినా అదే డివైస్. 4 నుంచి 7 ఫ్రెంచ్ గొట్టంలో పోతుంది. న్యూ ఆర్లియన్స్ వారి 23 ఫ్రెంచ్ గుర్తుంచుకుని ఈ అంకె చూడండి. ఎనిమిది, పది కిలోల పిల్లలతో రోజూ గడిపినవాళ్ల ఆలోచనలోంచి కాకుండా ఇలాంటి పరికరం రాదు.

నాకు గర్వంతోపాటు ఒక బాధ కూడా ఉంది. ఆలోచన హైదరాబాద్‌లో పుట్టింది, కర్మాగారం షెన్‌జెన్‌లో ఉంది. అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి 1998లో కలాం-రాజు స్టెంట్ తెచ్చిన ఊరు ఇది. రక్షణశాఖ లోహశాస్త్రజ్ఞులూ, గుండె వైద్యులూ ఒకే ఊళ్లో, అరగంట దూరంలో ఉన్నారు. ఈ రెండు వర్గాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ఆ ఇద్దరు పెద్దలతోనే ఆగిపోకూడదు.

కోనార్ వచ్చింది కదా అని ప్రతి వీఎస్‌డీకీ అదే పెట్టడం తప్పు. బృహద్ధమని కవాటపు రెక్క రంధ్రంలోకి జారుతుంటే డివైస్ మాట ఎత్తకుండా సర్జన్ దగ్గరికి పంపుతాను. ఊపిరితిత్తుల ధమని కిందే ఉండే రకం వీఎస్‌డీకి పై అంచే ఉండదు, అదీ ఆపరేషన్‌దే. అయిదారు కిలోల బిడ్డకు పెద్ద రంధ్రం ఉండి, బరువు పెరగక, ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగిపోతుంటే డివైస్ కోసం బరువు పెరిగేదాకా కాచుకోవడం ఆ బిడ్డకు ద్రోహం. మరోవైపు చిన్న వీఎస్‌డీలు ఎన్నో వాటంతటవే మూసుకుపోతాయి. మర్మర్ శబ్దం పెద్దగా వినపడుతుంది, తల్లి హడలిపోతుంది, నిజానికి బిడ్డ హాయిగా ఆడుకుంటుంటాడు. అలాంటి పిల్లల్ని డాక్టరుగారు మా దగ్గరికి పంపేటప్పుడు చీటీ మీద ‘తొందరపడకండి’ అని రాసేవారు.

మూయకూడని రంధ్రమూ ఉంది. ఏళ్ల తరబడి వదిలేయగా ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, ఒత్తిడి తలకిందులై, నల్లరక్తం కుడి నుంచి ఎడమకు పోవడం మొదలవుతుంది. పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. ఐసెన్‌మెంగర్ దశ అంటాం. అప్పుడు ఆ రంధ్రమే కుడివైపు గదికి ఊపిరాడే దారి. దాన్ని మూస్తే మనిషి పోతాడు. అనుమానం ఉన్న ప్రతి కేసులో మూసేముందు గొట్టం పంపి ఒత్తిడి కొలవాలి. ఎంత మంచి డివైస్ చేతిలో ఉన్నా కొన్నిసార్లు పెట్టె తెరవకుండా వెనక్కి రావాలి. బయట కూర్చున్న తల్లిదండ్రులకు ఆ మాట చెప్పడం ఈ వృత్తిలో అన్నింటికంటే కష్టం.

పీడీఏ గురించి రెండు ముక్కలు చాలు, ఎందుకంటే అక్కడ దారి సాఫీ. 1967లో జర్మనీలో పోర్స్‌ట్‌మన్ స్పాంజి బిరడాతో మొదలుపెట్టిన పని ఇప్పుడు దాదాపు పూర్తిగా డివైసులదే. నాళం చాలా సన్నమైతే చవకైన కాయిల్ చాలు. లావైతే గరాటు ఆకారపు డివైస్, సన్నని కొసకంటే కనీసం రెండు మిల్లీమీటర్లు ఎక్కువ సైజుది పెడతాం. నెలలు నిండకుండా పుట్టిన 700 గ్రాముల పసికందుకు కూడా పెట్టగల పికోలో డివైస్‌కు 2019లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

డబ్బు మాట ఎత్తకుండా ఎంపిక గురించి మాట్లాడటం నిజాయితీ కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, కూలిచేసుకునే ఇంటి పిల్లవాడి గుండెకూ డివైస్ అందే రోజు వచ్చింది. అంతకుముందు పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఆసుపత్రి ఉచిత ఆపరేషన్లే చాలామందికి దిక్కు. ఈ మేలు చిన్నది కాదు. కానీ ప్యాకేజీ ఒక నిర్ణీత మొత్తం. ఆ మొత్తంలో వచ్చే డివైస్ ఏదైతే అదే ఆ బిడ్డకు సరైనదని మనకు మనం నచ్చచెప్పుకునే ప్రమాదం ఉంది. చవక డివైస్ తక్కువ రకం అనను, చాలా కేసుల్లో అది నిక్షేపంగా సరిపోతుంది. మరికొన్నిట్లో మెత్తటిదే కావాలి, లేదా ఆపరేషనే కావాలి. ఆ తేడా చెప్పవలసింది ఎకో చూసిన డాక్టరు. టెండర్ కాగితం చెప్పకూడదు. స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం కళ్లెం వేసింది. పిల్లల గుండె డివైసుల ధరల మీద కూడా అంతే పట్టుదలతో చర్చ జరగాలి. ఈ పిల్లల తల్లిదండ్రులు సంఖ్యలో తక్కువ, గొంతెత్తగలిగినవాళ్లు ఇంకా తక్కువ.

చివరిగా ఈ సభ ముందు ఒక కోరిక పెడతాను. డివైస్ పెట్టిన ఆర్నెల్లకు దానిమీద గుండె లోపలి పొర కప్పుకుంటుంది, మందులు ఆపేస్తాం, చాలామంది మళ్లీ కనిపించరు. ఊరు మారతారు, ఫోన్ నంబరు మారుతుంది. ఆ డివైస్ మాత్రం డెబ్బై ఏళ్లు ఆ గుండెలో ఉండాలి. వీఎస్‌డీ డివైస్ ఉన్నవారికి ఏటా ఒక ఈసీజీ కావాలి, ఏఎస్‌డీ డివైస్ ఉన్నవారికి అప్పుడప్పుడు ఎకో కావాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆసుపత్రులన్నీ కలిసి ఒక ఉమ్మడి రిజిస్టర్ పెట్టుకోవాలి. అందులో బిడ్డ బరువు, రంధ్రం కొలత, నాలుగు వైపుల అంచుల కొలతలు, డివైస్ పేరు, సైజు, పెట్టె మీది సీరియల్ నంబరు, పెట్టకముందరి ఈసీజీ, పెట్టాక ఏటేటా తీసినవి ఉండాలి. వీటన్నింటికీ పైన ఒక గడి ఉండాలి: ‘ఇదే డివైస్ ఎందుకు?’ డాక్టరు స్వదస్తూరీతో రెండు వాక్యాలు అక్కడ రాయాలి. డివైస్ పెట్టకుండా వెనక్కి వచ్చిన కేసుల్నీ అదే పుస్తకంలో, అదే గడి నింపి చేర్చాలి. మా ఆసుపత్రి వివరాలతో మొదటి పేజీలు నింపడానికి నేను సిద్ధం. ఈ సభలో ఉన్న సర్జన్లు, ఆరోగ్యశ్రీ అధికారులు, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడే బయటి హాల్లో నన్ను కలిస్తే, నేను తెచ్చిన ఆ రిజిస్టర్ నమూనా పత్రం ప్రతులు ఇస్తాను.